నొప్పుల ప్లాస్టర్లు

నీళ్ల సీసాల సంచి అడుగున దాచుకున్న అట్టపెట్టెను పైకి తీసి బాలసుబ్బయ్య మూత విప్పేసరికి లోపల ఒక్క ప్లాస్టరు కూడా లేదు. నిన్న పొద్దున జబ్బకు ఒకటి అంటించుకుని మూత పెట్టినప్పుడు ఇంకా ఐదు ఉన్నాయి, వేలితో తడిమి మరీ చూసుకున్నాడు. ఇప్పుడు మిగిలింది చీమల బారులాంటి అక్షరాలున్న మడత కాగితం ఒక్కటే. సంచిని పక్కసీటు మీద బోర్లించాడు. నాలుగు నీళ్ల సీసాలు, సగం కరిగిన ఐసు దిమ్మె, తడిసిన చేతిగుడ్డ. సీటు కిందికి వంగి చూశాడు, డ్యాష్‌బోర్డు అర తెరిచాడు, అక్కడ ఉండవని తెలిసి కూడా నెత్తి మీది ఎండరేకు దించి చూశాడు. బయట ఆసుపత్రి పార్కింగులో మధ్యాహ్నం రెండు గంటల ఎండ తెల్లగా కాగుతోంది, బండిలో ఏసీ ఆఖరి అంకె మీద తిరుగుతోంది, అయినా చొక్కా వీపుకు అంటుకుపోయింది. పొద్దున్నుంచి ఒంటి మీద ప్లాస్టరు లేదు, హడావిడిలో మరిచిపోయాడు. అందుకే చేతులకు ఈ వణుకు, అందుకే దవడల్లో ఈ తీపు, లోపల ఎవరో గోళ్లతో గీరుతున్నట్టు ఈ యావ, అని తనకు తాను చెప్పుకున్నాడు. చెప్పుకుంటూనే ఉన్నాడు గానీ, ఇది పొగ యావ కాదని అతనికి తెలుస్తూనే ఉంది.

అరగంట కిందట పెద్దమామాను ఈ చేతుల మీదే మోసుకుని అత్యవసర విభాగం గుమ్మం దాటించాడు. కువైట్‌లోని జాబ్రియాలో అతను డ్రైవరుగా ఉన్న ఇంటి యజమాని బాబా, ఆయన భార్య మామా, బాబాను కన్న తల్లి ఈ పెద్దమామా. ఎనభై దాటిన మనిషి, ఎత్తితే తడిసిన దుప్పటంత బరువు కూడా లేదు. తెల్లవారుజాము నుంచి వాంతులట. నుదుటి మీద చల్లటి చెమట, పెదవులు సున్నం రాసినట్టు తెల్లగా, వేళ్లు వాటంతటవే ఆడుతున్నాయి, ఆమె రొమ్ము అతని రొమ్ముకు ఆనుకున్నప్పుడు ఆ గుండె దడదడ అతనికి తగిలింది, పట్టుకున్న పిట్ట గుండె అలా కొట్టుకుంటుంది. "జాగ్రత్త తల్లీ, జాగ్రత్త" అని తనకు తెలియకుండానే తెలుగులో అంటుంటే స్ట్రెచరు పట్టుకున్న నర్సు తలెత్తి, "మీరు తెలుగువారాండీ? మాది అమలాపురమండి, సత్యశ్రీ. మీరు కంగారు పడకండి, మేం చూసుకుంటాం" అంది. మామా కూడా వాళ్ల వెంట లోపలికి పోయింది, తలుపు మూసుకుంది. అతను బయటికొచ్చి బండిలో కూర్చున్నాడు. కూర్చుని, ప్లాస్టరు వేసుకుందామని సంచిలో చెయ్యి పెట్టాడు. వాంతులు. చల్లటి చెమట. వణుకు. పిట్ట గుండె. ఈ నాలుగూ తను ఎక్కడో చూశాడు. చూడడం కాదు, పడ్డాడు. ఎక్కడ? అబ్బాసియాలో, శుక్రవారం, తోటి డ్రైవరు మహమ్మద్ గౌస్ గదిలో, మేడ మెట్ల పక్కనున్న బాత్రూములో, గోడ పట్టుకుని.

ఆ శుక్రవారం జబ్బ మీద ప్లాస్టరు ఉండగానే, గదిలో అందరూ కాలుస్తుంటే ఆగలేక రెండు సిగరెట్లు కాల్చాడు. పావుగంటకు నేల వంగింది. కడుపులో ఉన్నదంతా బయటికొచ్చింది, లేనిది కూడా వచ్చింది, గుండె గొంతులోకొచ్చి కూర్చుంది, చచ్చిపోతున్నానని ఊళ్లో ఉన్న భార్య రెడ్డెమ్మకు ఫోన్ చేయబోయి అంకెలు కనబడక మానేశాడు. సిగరెట్లు మానడానికని ఆ ప్లాస్టర్లు అమ్మిన మందుల షాపు మలయాళీ ముందే చెప్పాడు, వచ్చీరాని హిందీలో, వేళ్లు ముడిచి చూపించి మరీ చెప్పాడు. రోజుకు ఒకటి. రెండు వేయకూడదు. వేసుకున్నాక కాల్చకూడదు. సిగరెట్ అలవాటు లేని మనిషికి అస్సలు తగిలించకూడదు, పిల్లలకు, ముసలివాళ్లకు అందకుండా పెట్టుకో, ఇది బలమైన రకం, రోజుకు పెట్టె కాల్చే నీలాంటివాడికి. అతను సరే సరే అని తలూపి, పెట్టెను నీళ్ల సంచిలో దాచుకున్నాడు. సంచి ఎప్పుడూ చల్లగా ఉంటుంది, ఎప్పుడూ తన పక్కనే ఉంటుంది, ఇంకెవరూ ముట్టరు. ఇంకెవరూ ముట్టరా? రోజూ పొద్దున వంటింట్లో ఆ సంచిలో సీసాలు నింపి తెచ్చిచ్చేది ఎవరు? మునిలక్ష్మి. పెద్దమామాకు స్నానం చేయించేది, తినిపించేది, రాత్రి పక్కన పడుకునేది ఎవరు? మునిలక్ష్మి. బాలసుబ్బయ్య స్టీరింగును రెండు చేతులతో పట్టుకున్నాడు. బండి కదలడం లేదు, అయినా గట్టిగా పట్టుకున్నాడు.

మొన్నొక రోజు వంటింట్లో బియ్యం బస్తా దించుతుంటే చొక్కా చెయ్యి పైకి జరిగింది. మునిలక్ష్మి గిన్నెలు తోముతూ చూసింది. ఏందన్నా అది జబ్బకు, అంది. నొప్పుల ప్లాస్టరు మ్మే, స్టీరింగు తిప్పీ తిప్పీ కీలు పట్టుకుంది, అన్నాడు. ఎంత సులువుగా వచ్చిందా మాట! నాలుక మీద రెడీగా ఉన్నట్టు. నిజం చెప్తే ఏమయ్యేది? ఏమయ్యేదంటే, సిగరెట్లు మానడానికి ప్లాస్టరు వేసుకున్నాడంటే ఇంకా మానలేదని అర్థం, ఇంకా మానలేదంటే ఆరు నెలల కిందట బాబా ముందు వేసిన ఒట్టు దొంగ ఒట్టని అర్థం. బాబా తండ్రి ముక్కుకు గొట్టం పెట్టుకుని, ఇనప సిలిండరు పక్కన పెట్టుకుని రెండేళ్లు ఊపిరి కోసం కొట్టుకుని పోయాడు, ఆ ఇంట్లో పొగ వాసన వస్తే బాబా మనిషి కాడు. బండిలో బూడిద దొరికిన రోజు బాలసుబ్బయ్యను హాల్లో నిలబెట్టి, ఇంకొక్కసారి, ఒక్కసారి, ఖలాస్, ఏర్‌పోర్టే, అన్నాడు. మానేశాను బాబా, నా బిడ్డ మీద ఒట్టు, అన్నాడు ఇతను. రాయచోటిలో చదువుకుంటున్న కూతురి మీద, ఏమీ ఎరగని పిల్ల మీద. పంతొమ్మిదేళ్ల కువైట్, ఇక్కడే నెరిసిన తల. ఒట్టు నోటి నుంచి రాలింది. ఆ తర్వాతే నూర్ బాషా పోయాడు.

నూర్ బాషాకు నలభై రెండేళ్లు. గౌస్ గదిలోనే, గౌస్ పక్క మంచంలోనే, తెల్లారి లేపితే లేవలేదు. దిండు కింద సిగరెట్ పెట్టె, అందులో లైటరు. గుండె అన్నారు. శవాన్ని పెట్టెలో పెట్టి విమానం ఎక్కించేదాకా బాలసుబ్బయ్య కాగితాల వెంట తిరిగాడు, తిరుగుతున్న ప్రతి ఆఫీసు బయటా ఒక సిగరెట్ కాల్చాడు, ఏడో ఆఫీసు బయట ఆ సిగరెట్‌ను చూసి భయపడ్డాడు. మొదటిసారి నిజంగా భయపడ్డాడు. మానడానికి ఎన్ని చేయలేదు! మొదట వేప్ కొన్నాడు, మామిడి వాసనది, వేలెడంత ప్లాస్టిక్ ముక్క. పొగ కాదు ఆవిరి అన్నాడు అమ్మినవాడు. సిగరెట్ అయితే ఆరిపోతుంది, ఇది ఆరదు, స్నానాల గదిలో, సిగ్నల్ దగ్గర, దుప్పటిలో, పీలుస్తూనే ఉన్నాడు, వారానికి సిగరెట్టూ వేపూ రెండూ అయ్యాయి. తర్వాత నికొటిన్ చూయింగ్ గమ్. మిరియాలు నమిలినట్టు గొంతు మండింది, నమిలి ఆపి బుగ్గన పెట్టుకోవాలని తెలియక ఎక్కిళ్లతో ఒక పూటంతా బండి నడిపాడు. వెనక సీట్లో పెద్దమామా ఎక్కిళ్లు లెక్కపెట్టి నవ్వింది.

ఆమెకు తెలుసు. మొదటి నుంచీ తెలుసు. ఇంట్లో ఎవరికీ పట్టుబడని వాసన ఆమెకు పట్టుబడింది. ఒకసారి ఆసుపత్రి నుంచి తెస్తుంటే ముక్కు మీద వేలితో రెండుసార్లు తట్టి, అద్దంలో అతని కళ్లలోకి చూసి, ఆ వేలే పెదవుల మీద అడ్డం పెట్టుకుంది. చేతిసంచి తెరిచి నాలుగు యాలకులు తీసి అతని అరచేతిలో పోసింది. నములు, మామా పసిగడుతుంది, అని సైగ. మా ముసలాయన కూడా ఇదే ఆఖరిది, ఇదే ఆఖరిది అని నలభై ఏళ్లు కాల్చాడు బాలా, అంది. కొడుకుతో ఒక్క మాట చెప్పలేదు. చెప్పి ఉంటే తను ఎప్పుడో ఇంటికి పోయేవాడు, ఈ మధ్యాహ్నం ఇక్కడ ఉండేవాడు కాదు, ఆమె లోపల ఉండేది కాదు. లోపల ఏం చేస్తున్నారు? సూదులు గుచ్చుతూ ఉంటారు. రక్తం తీస్తూ ఉంటారు. ఏం తిన్నది, ఏం తాగింది అని అడుగుతూ ఉంటారు. ఏం అంటించుకుంది అని ఎవరడుగుతారు? లేదు, మునిలక్ష్మి తీసి ఉండదు. ఎక్కడో పడిపోయి ఉంటాయి. సీసాలు నింపేటప్పుడు తడిస్తే పారేసి ఉంటుంది. అదే అయ్యుంటుంది. ఒక్క ఫోన్ చేస్తే తేలిపోతుంది. ఫోన్ చేయాలంటే వేలు రావడం లేదు. వచ్చింది. ఆమె మొదటి రింగుకే ఎత్తింది, వెనకాల కుళాయి ధారగా పడుతోంది, బాత్రూములోంచి మాట్లాడుతోంది.

"అన్నా, పెద్దమామా ఎట్లుండాది?"

"చూస్తాండారు లోపల. మునిలక్ష్మీ, నా నీళ్ల సంచిలో ఒక అట్టపెట్టె ఉండె. నువ్వుగాని తీసినావా?"

"ఓ, అదా! నేనే తీసినా అన్నా, నీకు చెప్పేకి కుదర్లే. నిన్న రేత్రి మోకాళ్లు పట్టుకోని ఒకటే ఏడుపు పెద్దమామా. ఇంట్లో ఉండే ఆయింట్‌మెంటు అయిపోయింది. నీ నొప్పుల ప్లాస్టర్లు గుర్తుకొచ్చినాయి. ఒగో మోకాలికి రెండ్రెండు, నడుముకు ఒగటి ఏసినా. పైన గుడ్డ చుట్టి వేడినీళ్ల సంచి గూడా పెట్టినా. చేతులెత్తి ఎంత దువా చేసిందో నాకు, పాపం. నీకు వేరేటివి కొనిస్తాలే, కోప్పడాకు."

"ఇప్పుడు గూడా ఉండాయా అవి?"

"ఉండాయి. గుడ్డ విప్పితే గదా! ఎందుకన్నా అడుగుతాండావు?"

ఇక్కడ చెప్పాలి. ఇంతకన్నా తగిన చోటు రాదు. నోరు తెరిచాడు. "ఏం లేదు" అని వచ్చింది.

"మామా నన్ను అనుమానపడతాంది అన్నా. ఏం పెట్టినావు, ఏం పెట్టినావని పది తూర్లు అడిగె. నా పాస్‌పోర్టు తీసి బ్యాగులో ఏసుకోని పోయింది. సూపు తప్ప నేనేం పెట్టలేదు, కొండ మీద సామి సాచ్చి. నువ్వన్నా చెప్పన్నా ఆమెకు, నీ మాట ఇంటాది."

"చెప్తాలే. భయపడాకు" అని ఫోన్ పెట్టేశాడు.

ఐదు. పెట్టె కాల్చే మొగవాడికి ఒకటి, పొగ ఎరగని ఎనభై ఏళ్ల ఒంటికి ఐదు, వాటి మీద వేడినీళ్ల సంచి. వేడి పెట్టకూడదని కాగితంలో బొమ్మే ఉంది, ప్లాస్టరు బొమ్మ మీద ఎర్రగీత. నొప్పి ప్లాస్టరు వేస్తే పైన కాపడం పెట్టాలి, అది అందరికీ తెలిసిన సంగతే కదా, మునిలక్ష్మి మాత్రం ఏం చేస్తుంది. పనివాళ్ల మందులకు పేర్లుండవు. ఎర్ర బిళ్ల తలకు, పచ్చ నూనె కడుపుకు, చర్మం రంగు ప్లాస్టరు కీళ్లకు. చిన్న జబ్బుకు సెలవు అడిగి డాక్టరు దగ్గరికి పోయే అలవాటు ఎవరికీ లేదు, ఒకరికి పనిచేసింది ఇంకొకరు వాడతారు, చెప్పినవాడి మాటే చీటీ. చెప్పినవాడు తను. ఆ ఐదూ ఇప్పుడు, ఈ నిమిషం, గుడ్డ కింద చప్పుడు చేయకుండా ఆమె ఒంట్లోకి దిగుతున్నాయి. నిన్న రాత్రి నుంచి దిగుతున్నాయి. డాక్టర్లు పైనుంచి సెలైను ఎక్కిస్తుంటే కిందనుంచి ఇది ఎక్కుతోంది. తలుపు తీసి పరిగెత్తితే రెండు నిమిషాలు. చెయ్యి తలుపు పిడి మీదికి పోయింది, అక్కడే ఉండిపోయింది. పోయి ఏమని చెప్తాడు? నా ప్లాస్టర్లు అని. ఎందుకు నీకు? దానికి జవాబు ఏర్‌పోర్టు. కాదు, ఏర్‌పోర్టు అయితే అదృష్టం. ముసలామెకు ఏమన్నా అయితే ఏర్‌పోర్టు ఎక్కడిది, నీలం బట్టలేసి ఇనప తలుపు వెనక పెడతారు. ఎన్నేళ్లు? ఏ భాషలో అడుగుతారు? పట్టుబడినవాళ్ల గురించి గదుల్లో చెప్పుకునే కథలన్నీ ఒకేసారి తలలోకొచ్చాయి. బిడ్డ మీద ఒట్టేసి అబద్ధం చెప్పాడు, దానికి తగిన శిక్ష బిడ్డకే పడుతుందేమోనని ఇంకో భయం, ఆ భయం వెనక రెడ్డెమ్మ మొహం, వీడియోలో, దగ్గుతున్నావేంది మళ్లీ, అని. ఒక్క సిగరెట్. ఒక్కటి కాలిస్తే తల సర్దుకుంటుంది, ఏం చేయాలో తెలుస్తుంది. ఈ మాట తనలో ఎవరు అంటారో అతనికి తెలుసు. పంతొమ్మిదేళ్ల నుంచి ఆ గొంతు తెలుసు. ఇంటి డ్రైవరు వీసా అని తెచ్చి ఎడారిలో గొర్రెల మంద దగ్గర దింపిపోయిన మొదటి సంవత్సరం, మాట్లాడే మనిషి లేని చోట, సూడాన్ ముసలాయన ఒకడు తన సిగరెట్ సగం విరిచి ఇచ్చాడు. అప్పటి నుంచి ఆ గొంతు ఒక్కటే తోడు.

అలా కూర్చుని ముప్పావుగంట దాటింది, అద్దం మీద టకటకా కొట్టిన చప్పుడుకు ఎగిరిపడ్డాడు. గౌస్. తన యజమానిని డయాలసిస్‌కు తెచ్చి, గంట నుంచి నీడ వెతుక్కుంటూ తిరుగుతున్నాడు. అడక్కుండానే తలుపు తీసి పక్కసీట్లోని సీసాలు వెనక్కి నెట్టి కూర్చున్నాడు.

"ఏందప్పా సుబ్బయ్యా, మొగం అట్ల పెట్టినావు? పొగ లేక ఎండిన వంకాయ మాదిరి అయినావు. ఇట్ల రా, ఇదో, నన్ను చూడు." కింది పెదవి లాగి చూపించాడు, చిగుళ్లకు ఆనించి చిన్న తెల్ల నికొటిన్ సంచి. "పొగ లేదు, బూడిద లేదు. మా ముసిలోని పక్కనే కూచున్నా, వాడు నన్ను మంచోడు అనుకుంటాండాడు."

"గౌస్, నా ప్లాస్టర్లు మునిలక్ష్మి పెద్దమామాకు ఏసింది. నొప్పులవి అనుకోని. ఐదు."

గౌస్ పెదవి వదిలేశాడు.

"ఎవురికి తెలుసు?"

"నాకు. ఇప్పుడు నీకు."

"అయితే ఎవురికీ తెలీదు. ఆ పెట్టె నాకియ్యి, చెత్తలో ఏస్తా. ఆడోళ్ల నర్సులు ఎప్పుడో ఒకప్పుడు గుడ్డ విప్పకుండా ఉంటారా? చూస్తారు, తీస్తారు. లేదంటే ఎనభై ఏండ్ల మనిషి, పోయే వయసే. నువ్వేం ఏసినావా? అది గదా ఏసింది."

"నేను చెప్పినా కదప్పా దానికి, నొప్పులవి అని."

"చెప్పినావని కాగితం రాసిచ్చినావా? నూర్ బాషా పెండ్లాం ఇంగా ఫోన్ చేసి ఏడుస్తాంది నాకు. ఇంగో ఆడమనిషి ఫోన్లు నాతో కాదు. ఇదో, కాల్చు, తల పని చేస్తాది. బయట ఆ గోడ కాడికి పోదాం."

గౌస్ జేబులోంచి తీసి ఇచ్చిన సిగరెట్ వేళ్ల మధ్య కూర్చుంది. ఎంత చక్కగా కూర్చుంది, వేళ్లు దానికోసమే పుట్టినట్టు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు, వెలిగించలేదు. గౌస్ చెప్పిందాంట్లో నిజం ఉంది, నర్సులు చూస్తారు, తప్పకుండా చూస్తారు. ఎప్పుడు? బట్టలు మార్చేటప్పుడు. ఎప్పుడు మారుస్తారు? గుండె మీద తీగలు పెట్టడానికి పైవరకే విప్పుతారు, మోకాళ్ల గుడ్డ పాత నొప్పుల గుడ్డ అనుకుంటారు, ముసలివాళ్లందరికీ ఉండేదే. సాయంత్రం అవుతుంది. సాయంత్రానికి అది ఇంకా ఎంత దిగుతుంది? గౌస్ ఏదో అంటున్నాడు, తన ముసలోడి గురించి, ఒక జోకు. బాలసుబ్బయ్యకు పెదవులు కదలడం కనిపిస్తోంది. అప్పుడు ఫోన్ మోగింది. మామా. ఆమె గొంతు ఏడ్చి ఏడ్చి అరిగిపోయి ఉంది, అరబ్బీ మాటలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. విషం లాంటిదేదో ఒంట్లోకి పోయిందని డాక్టరు అన్నాడు బాలా, ఏదో తెలియడం లేదు అంటున్నాడు. బాబాతో మాట్లాడాను, ఇస్తాంబుల్ నుంచి రాత్రికి బయల్దేరుతున్నాడు. నువ్వు ఇంటికి పో, మునిలక్ష్మిని ఎక్కించుకుని మఖ్ఫర్‌కు తీసుకుపో, అక్కడ బాబా మనిషి ఉంటాడు. ఎక్కడికో ఆ పిల్లకు చెప్పకు, పారిపోతుంది. యల్లా బాలా, యల్లా.

మఖ్ఫర్ అంటే పోలీసు స్టేషన్. హాజిర్ మామా, అన్నాడు. పంతొమ్మిదేళ్లుగా ఏం చెప్పినా అదే మాట, నోరు దానంతటదే అంటుంది. గౌస్ దిగిపోయాడు, పోతూ పోతూ అద్దంలోంచి నోటికి తాళం వేసినట్టు చూపించాడు. బండి కదిలింది. చేతులు ఎప్పటిలాగే తిప్పాయి, కాలు ఎప్పటిలాగే నొక్కింది, వరసలో ముందు రెండు బళ్లు, గేటు దగ్గర అడ్డకర్ర లేస్తూ పడుతూ ఉంది. ఇంటికి పన్నెండు నిమిషాలు. గేటు తెరుస్తాడు, మునిలక్ష్మి తలకు గుడ్డ కట్టుకుంటూ పరుగున వస్తుంది, వెనక సీట్లో, పెద్దమామా కూర్చునే చోటు పక్కన కూర్చుంటుంది, ఆసుపత్రికేనా అన్నా, అంటుంది. ఏం చెప్తాడు? ఆ, ఆసుపత్రికే, అని చెప్పాలి. నాలుక మీద రెడీగా ఉంది ఆ మాట కూడా, అప్పటిలాగే, జారడానికి. ఆమె నమ్ముతుంది. అదీ నమ్ముతుంది. సిగ్నల్ దగ్గర ఎడమకు తిరగాల్సిన చోట కుడికి తిరిగితే, ఇదేంది ఇట్ల పోతాండావు, అంటుంది. అద్దంలో ఆ మొహం. వాళ్లు ఏ భాషలో అడిగినా ఆమె తెలుగులో ఏడుస్తుంది, సూపు తప్ప ఏం పెట్టలేదు సార్, అంటుంది. ప్లాస్టర్లు వేశానని చెప్పాలని కూడా ఆమెకు తోచదు, నొప్పుల మందు వేస్తే అది తప్పెట్లా అవుతుంది? ముందు బండి కదిలింది. అడ్డకర్ర లేచింది. వెనక హారను. బాలసుబ్బయ్య కాలు బ్రేకు మీద ఉంది. ఇంకో హారను, ఇంకోటి, ఎవడో అద్దం దించి తిడుతున్నాడు. వేళ్ల మధ్య సిగరెట్ నలిగిపోయి పొగాకు తొడ మీద రాలింది. అతను ఇంజను ఆపాడు. తాళం తీయలేదు, తలుపు మూయలేదు. దిగి, ఆ ఎండలో, బళ్ల మధ్య నుంచి పరిగెత్తాడు. ముప్పై అడుగులకే ఛాతీ పట్టేసింది, దగ్గు తన్నుకొచ్చింది, నలభై ఆరేళ్ల ఊపిరితిత్తులు, పంతొమ్మిదేళ్ల మసి. ఆగితే మళ్లీ ఆలోచిస్తాడు. ఆగలేదు. కాపలావాడు చెయ్యి అడ్డం పెడితే ఆ చేతి కింద నుంచి దూరాడు, లోపల చల్లటి గాలి, మందుల వాసన, వరసగా తెరలు. ఏ తెర వెనకో తెలియదు. సత్యశ్రీ కనిపించింది.

"అయ్యయ్యో, ఏవండీ ఇది, లోపలికి రాకూడదండీ! ఏవయ్యింది మీకు, కూర్చోండి ముందు."

"నాకేం కాలేదు తల్లీ. పెద్దమామాకు మోకాళ్ల కాడ, నడుముకు, గుడ్డ కింద ప్లాస్టర్లుండాయి. నొప్పులవి గాదు. సిగరెట్టు మానేదానికి ఏసుకునేవి, నికొటిన్‌వి. ఐదుండాయి. నిన్న రేత్రి నుంచి ఉండాయి. పో తల్లీ, ముందు పీకేయండి."

ఆమె మొహంలో రంగు మారింది. చెప్పుల చప్పుడు తెర వెనక్కి పోయింది. లోపల ఇంగ్లీషులో గట్టిగా ఒక మాట, గుడ్డ కత్తిరిస్తున్న చప్పుడు, ఎవరో నీళ్లు నీళ్లు అంటున్నారు. బాలసుబ్బయ్య గోడకు ఆనుకున్నాడు. లోపల యంత్రం ఒకటి టిక్ టిక్‌మని ఆగకుండా కొడుతోంది, అది ఆమె గుండే అయ్యుంటుంది, మరీ తొందరగా, మరీ తొందరగా, అది ఆగుతుందేమోనని భయం, ఆగకపోయినా భయం. తన గుండెను దాంతో కలిపి కొట్టించాలని చూశాడు, అందలేదు. ఎంతసేపైందో తెలియదు. తెర పక్కకు జరిగింది. సత్యశ్రీ చేతిలో స్టీలు ట్రే, అందులో తడిసి ముడుచుకున్న ఐదు ముక్కలు. ఆమె వెనకాల మామా, అబాయా జారి భుజం మీద పడి, కళ్లు ఎర్రగా.

"తీసేశామండీ, నీళ్లతో శుభ్రంగా కడిగేశాం. గుండె ఇంకా గాబరాగానే కొట్టుకుంటోందండి, డాక్టరుగారు పక్కనే ఉన్నారు. ఇప్పుడే ఏదీ చెప్పలేమండి. కానీ ఏవిటో తెలిసింది కదా, దాన్ని బట్టి చూస్తారు." సత్యశ్రీ ఒక్కసారి మామా వైపు చూసి గొంతు తగ్గించింది. "ఇవి పనమ్మాయివేనా అని అడుగుతున్నారండి, ఆవిడ. నాకు అరబ్బీ వచ్చు, మీరు చెప్పండి, నేను చెబుతాను."

తల ఒక్కసారి ఊపితే చాలు. మామా ఆ ఊపు కోసమే చూస్తోంది, ఆమె కళ్లలో అది ముందే ఉంది. బాలసుబ్బయ్య చొక్కా చెయ్యి మోచేతి పైదాకా మడిచాడు, జబ్బ మీద నిన్నటి ప్లాస్టరు వదిలిన ఎర్రటి చదరపు మచ్చ ఇంకా ఉంది. దాన్ని మామా వైపు తిప్పి, సత్యశ్రీ మొహం చూస్తూ మాట్లాడాడు.

"కాదు తల్లీ. ఆ పిల్లది ఏం లేదు ఇందులో. నేను చెప్పింది చెప్పినట్టు చెప్పు మామాకు, ఒక్క మాట గూడా మెత్తగ చేయాకు. ఈ ప్లాస్టర్లు నావి. బాబా ముందర నా బిడ్డ మీద ఒట్టేసినా, సిగరెట్టు మానేసినా అని. అబద్ధం. ఒట్టేసి బయటికొచ్చి, ఇంటి గోడ పక్కనే నిలబడి కాల్చినా. నూర్ బాషా పోయినంక భయమేసి నిజంగానే మానాలని ఇవి కొన్నా. ఇవి కనబడితే నా ఒట్టు అబద్ధమని బాబాకు తెలుస్తాదని, మునిలక్ష్మి అడిగితే నొప్పుల ప్లాస్టర్లు అని చెప్పినా. అది నన్ను అన్నా అంటాది. అన్న మాట నమ్మింది, పెద్దమామా ఏడుస్తాంటే చూడలేక ఏసింది. అంతే అది చేసింది. దాన్ని మఖ్ఫర్‌కు పిలవాకండి. ఇంగొకటి ఉంది తల్లీ, ఇది గూడా చెప్పు. ప్లాస్టర్ల సంగతి నాకు ఇప్పుడు తెలీలేదు. గంట ముందర తెలిసింది. ఫోన్లో మునిలక్ష్మి చెప్పింది, అవి ఆమె ఒంటి మీదనే ఉండాయని. ఇక్కడికి పరిగెత్తేకి రెండు నిమిషాలు. నేను బండిలో ఏసీ ఏసుకోని కూచున్నా. లోపల పెద్దమామా చస్తాందని తెలిసి, గంటసేపు కూచున్నా. ప్లాస్టర్లు తెలియక జరిగింది అనొచ్చు. ఆ గంట మాత్రం తెలిసి చేసినా."